నాలుగంతస్తుల అద్దె బిల్డింగా, ప్లాన్ ప్రకారం కట్టిన చిన్న ఇల్లా? బెంగళూరులో ఏది మేలు?

మారతహళ్లి, కగ్గదాసపుర, కేఆర్ పురం, హూడి వైపు సొంతిల్లు వెతికే తెలుగువాళ్లకు బ్రోకర్లు చూపించేవి దాదాపు మూడు రకాలే. ఒకటి, 30x40 సైట్‌లో నాలుగైదు అంతస్తులు లేపి, అన్నీ అద్దెకిచ్చేసిన బిల్డింగ్. రెండోది, ప్లాన్ ప్రకారం కట్టిన రెండంతస్తుల ఇల్లు. అద్దె తక్కువ, చూడ్డానికీ మామూలే. మూడోది ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఇల్లు ప్లాన్ ప్రకారమే ఉంటుంది కానీ పార్కింగ్‌లో ఒక గది, మిద్దె మీద రేకుల షెడ్, గ్రిల్ బిగించి గదిలో కలిపేసుకున్న బాల్కనీ ఉంటాయి.

ఊళ్లో పొలం అమ్మి, నెలనెలా అద్దె వచ్చే బిల్డింగ్ ఒకటి కొనుక్కుందామనుకునేవాళ్ల చూపు సహజంగానే మొదటిదాని మీద పడుతుంది. కాబట్టి ముందు దాని లెక్కే చూద్దాం.

బెంగళూరు 2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం 360 చదరపు మీటర్ల లోపు సైట్లో, 12 మీటర్ల లోపు రోడ్డు మీద, మామూలుగా వచ్చే ఎఫ్ఏఆర్, అంటే సైట్ విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్క, 1.75. 30x40 అంటే 1,200 చదరపు అడుగులు. దాన్ని 1.75తో హెచ్చిస్తే 2,100. పార్కింగ్ కాకుండా అంతవరకే కట్టాలి. అంటే రెండంతస్తులు, మహా అయితే పైన ఇంకో చిన్న ముక్క. మీకు చూపించే బిల్డింగ్‌లో పార్కింగ్ మీద నాలుగంతస్తులున్నాయంటే, సుమారు సగం ప్లాన్‌లో లేనిదే. దీనికి లాయరూ ఇంజనీరూ అక్కర్లేదు, సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఏరియా ధరలు వేసి చూసుకోండి. బిల్డింగ్ ధర 2 కోట్ల 60 లక్షలు, ఎనిమిది పోర్షన్లు, ఒక్కోటి 15 వేలు. నెలకు లక్షా 20 వేలు, ఏడాదికి 14 లక్షల 40 వేలు. పెట్టుబడి మీద అయిదున్నర శాతం వచ్చినట్టు. అదే వీధిలో ప్లాన్ ప్రకారం కట్టిన రెండంతస్తుల ఇల్లు కోటిన్నరకు దొరుకుతుంటే, దాని మీద నెలకు 60 వేలు వస్తాయి, అంటే 4.8 శాతం. బ్రోకర్ ఈ రెండు శాతాలూ పక్కపక్కన పెట్టి, 'చూడండి సార్' అంటాడు.

ఆ లెక్కను ఇంకోలా వేయాలి. రెండు ఇళ్ల మధ్య తేడా కోటీ 10 లక్షలు. ఆ డబ్బుతో మీరు కొంటున్నది పైనున్న రెండు అనుమతి లేని అంతస్తుల్ని. వాటి మీద వచ్చేది ఏడాదికి 7 లక్షల 20 వేలు. కోటీ 10 లక్షలు తిరిగి చేతికి రావడానికి 15 ఏళ్లు దాటుతుంది. రిపేర్లు, ఖాళీగా ఉన్న నెలలు కలపకుండానే. ఆ 15 ఏళ్లూ ఏ అధికారీ, ఏ కోర్టూ, పక్కింటివాడి ఏ ఫిర్యాదూ ఆ అంతస్తుల జోలికి రాకూడదు. ఈ పందెం కాయడానికి సిద్ధమా అన్నదే అసలు ప్రశ్న. నా వరకైతే కాదు.

బ్యాంకు సంగతి ఇంకా తిరకాసు. అప్పు 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన. బ్యాంకు తరఫు వాల్యుయర్ వచ్చి, ప్లాన్‌లో ఉన్నంతవరకే విలువ కట్టి కోటిన్నర అన్నాడనుకోండి, అప్పు కోటీ 12 లక్షలకు మించదు. మిగతా కోటీ 48 లక్షలు మీ చేతి డబ్బే. ఇది కాక, మొత్తం ధర మీద స్టాంప్ డ్యూటీ, సెస్సులు, 2025 ఆగస్టు చివరి నుంచి రెండు శాతం అయిన రిజిస్ట్రేషన్ ఫీజు, అన్నీ కలిపి 7.6 శాతం. అంటే ఇంకో 20 లక్షలు. అనుమతి లేని అంతస్తులకు బ్యాంకు పైసా ఇవ్వకపోయినా, వాటి ధర మీద కూడా స్టాంప్ డ్యూటీ మీరే కట్టాలన్నమాట. 'డీడ్‌లో రెండంతస్తులే రాయిద్దాం, మిగతాది క్యాష్' అని అమ్మేవాడు సలహా ఇస్తే, ఒక తప్పుకు ఇంకో తప్పు తోడవుతుంది, అంతే.

ఇక్కడ బ్రోకర్ల దగ్గర రెడీగా ఉండే జవాబులు కొన్ని ఉన్నాయి. 'ఏరియా అంతా ఇంతే సార్' అన్నది మొదటిది. నిజమే, ఏరియా అంతా అంతే. కానీ నోటీసు ఏరియా పేరు మీద రాదు, ఇప్పుడు యజమానిగా ఉన్నవాడి పేరు మీద వస్తుంది. కట్టించినవాడు అప్పటికి ఇంకో లేఔట్‌లో ఇంకో బిల్డింగ్ లేపుతుంటాడు.

రెండోది, 'అక్రమ సక్రమ వస్తుంది సార్'. ఈ మాట బెంగళూరులో ఏళ్ల తరబడి వినబడుతూనే ఉంది. 2013 అక్టోబరు 19కి ముందు కట్టిన ఇళ్లలో 50 శాతం దాకా ఉన్న ఉల్లంఘనల్ని జరిమానాతో క్రమబద్ధం చేస్తామన్నది ఆ పథకం. 2016 డిసెంబరులో హైకోర్టు సరేనంది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఆపేసింది. పైగా మీకు చూపించే బిల్డింగ్ నాలుగైదేళ్ల కిందటిదైతే, ఆ పథకం రేపు మళ్లీ లేచి కూర్చున్నా దీనికి వర్తించదు. మామూలు నిబంధనల్లో క్రమబద్ధీకరణ ఉంది కానీ అది కొద్దిపాటి తేడాలకే. వంద శాతం తేడాకు కాదు.

మూడోది కొత్తగా వచ్చింది. 1,200 చదరపు అడుగుల వరకు సైట్లలో గ్రౌండ్ ప్లస్ రెండు, లేదా స్టిల్ట్ (పిల్లర్ల మీద ఖాళీగా వదిలే పార్కింగ్) ప్లస్ మూడు అంతస్తుల ఇళ్లకు 2025లో కర్ణాటక ప్రభుత్వం ఓసీ (కట్టడం ప్లాన్ ప్రకారమే ఉందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అవసరం లేదంది. దీన్ని పట్టుకుని 'ఇప్పుడు అంతా లీగలే' అంటున్నారు. మినహాయింపు ఇచ్చింది ఓసీకి, ప్లాన్‌కి కాదు. స్టిల్ట్ మీద నాలుగు వేస్తే ఆ మినహాయింపు కూడా ఉండదు.

ఇక ఖాతా గురించి. 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్‌కి ఈ-ఖాతా తప్పనిసరి అయ్యాక, 'A-ఖాతా ఉంది, ఇంకేం కావాలి' అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఖాతా అన్నది పన్ను లెక్క కోసం. పై అంతస్తులకు ఆస్తి పన్ను కట్టిన రసీదులు, కరెంటు మీటర్లు, కావేరీ నీటి బిల్లులు ఎన్ని చూపించినా అవి ప్లాన్‌కు బదులు కావు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు, బ్యాంకు అప్పులు ఇవ్వాలని ఆదేశించింది. అంటే అమ్మేవాడికి ఆ రోజుల్లో సులువుగా దొరికినవి, రేపు మీ దగ్గర కొనేవాడికి దొరక్కపోవచ్చు. మీరు కొనగలరా అనే కాదు, మళ్లీ అమ్మగలరా అని కూడా ఆలోచించాలి.

కాగితాలు పక్కన పెడితే, నాకు అంతకంటే భయం పిల్లర్ల గురించి. గ్రౌండ్ ప్లస్ రెండుకు వేసిన పునాది మీద ఇంకో రెండు అంతస్తులు, వాటి మీద నీళ్ల ట్యాంకులు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే ఒక టన్ను. 2024 అక్టోబరులో హెణ్ణూరు దగ్గర బాబుసాపాళ్యలో అనుమతికి మించి లేపుతున్న బిల్డింగ్ కూలి కూలీలు చనిపోయారు. లాయర్ కాగితాలు చూస్తాడు, వాల్యుయర్ విలువ చూస్తాడు. పిల్లర్లు చూడ్డానికి మీరే డబ్బిచ్చి స్ట్రక్చరల్ ఇంజనీర్ని తీసుకెళ్లాలి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఇక అక్కడ మాట్లాడాల్సింది లేదు.

రెండో రకం, ప్లాన్ ప్రకారం కట్టిన ఇల్లు. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. లోపాలు లేవని కాదు. అద్దె తక్కువ, సందు లోపల ఉంటుంది, తరచుగా పాత ఇల్లు కావడంతో వైరింగూ పైపులూ మార్పించాలి. అమ్మేవాడికి కూడా దాని విలువ తెలుసు కాబట్టి బేరం ఎక్కువ సాగదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఇల్లు ప్లాన్ ప్రకారం ఉన్నా, స్థలం రాజకాలువ (వాన నీళ్లు పారే పెద్ద కాలువ) మీద ఉంటే ప్లాన్ కాపాడదు. 2016 ఆగస్టులో అవని శృంగేరి నగర్‌లో కాగితాలన్నీ ఉన్నాయనుకున్న ఇళ్లనే కూల్చారు. రెవెన్యూ సర్వే మ్యాప్‌లో కాలువ ఎక్కడుందో చూసుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఓసీ ఉన్న ఫ్లాట్ కూడా ఈ కోవలోకే వస్తుంది. అక్కడా పై అంతస్తు పెంట్‌హౌస్ ప్లాన్‌లో ఉందో లేదో చూడాలి. ఓసీ బిల్డింగ్‌కు వచ్చినప్పుడు ఎన్ని అంతస్తులకు, ఎన్ని ఫ్లాట్లకు అని రాసుంటుంది, అది చదవాలి.

నిజానికి బేరం చేయగలిగినవాళ్లకు మూడో రకమే మంచి అవకాశం. ఇందులో మార్పులన్నీ ఒకటి కావు. మిద్దె మీద బట్టలారేసుకునే రేకుల షెడ్ బోల్టులు విప్పితే పోతుంది. బాల్కనీ గ్రిల్ కూడా అంతే. పార్కింగ్‌లో ఇటుకలు పేర్చి గది చేసి, అయిదారు వేలకు అద్దెకిచ్చినది రెండు రోజుల కూలితో పోతుంది. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడమే కష్టం, ఆ పని అమ్మేవాడిదే కావాలి. వీటికి భయపడి మంచి ఇల్లు వదులుకోనక్కర్లేదు. కానీ సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి) జరిపి కట్టిన గోడకు స్లాబు, బీము ఆనుకుని ఉంటే అది వేరే సంగతి. దాన్ని తీస్తే ఇల్లు దెబ్బతింటుంది, ఉంచితే నోటీసు భయం. వంటిల్లు పెంచుకోవడానికి లోపలి గోడ తీసేసిన ఇంట్లో కూడా ఆ గోడ బరువు మోసేదా కాదా అన్నది ఇంజనీరే చెప్పాలి.

నేనైతే ఇలా తేలుస్తాను. ఉండటానికే ఇల్లు కావాలి, సగానికి పైగా బ్యాంకు అప్పు అనుకునేవాళ్లకు రెండో రకం. ఉన్నదంతా చేతి డబ్బు, ఇంజనీర్ పిల్లర్లు బాగున్నాయన్నాడు, అద్దె కోసమే కొంటున్నాం అనేవాళ్లు మొదటి రకానికి ప్లాన్‌లో ఉన్న భాగం ధరే చెప్పాలి. పై అంతస్తులకు సున్నా, వీలైతే వాటిని కూల్చే ఖర్చు కూడా తగ్గించి. దానికి ఏ అమ్మేవాడూ ఒప్పుకోడు కదా అంటారా? ఒప్పుకోడు. అందుకే నా లెక్కలో మొదటి రకం అరుదుగానే గెలుస్తుంది. అరవై దాటినవాళ్లు రిటైర్మెంట్ డబ్బంతా ఇందులో పోయకపోవడమే మంచిది. ఆ 15 ఏళ్ల టెన్షన్ ఆ వయసులో ఎందుకు?

మూడో రకం తీసుకునేవాళ్లు మొదట శాంక్షన్ ప్లాన్ కాపీ అడగండి. లేదంటే కార్పొరేషన్ ఆఫీసులో ఆర్‌టీఐ పెట్టి తీసుకోవచ్చు. ఆ ప్లాన్ చేత్తో పట్టుకుని, టేపుతో గోడ నుంచి కాంపౌండ్ దాకా కొలవండి. ఏమేం తీయాలో అగ్రిమెంట్‌లో పేరుపేరునా రాయించండి: పార్కింగ్ గది, రేకుల షెడ్, మెట్ల కింద బాత్రూమ్, ఏవైతే అవి. అవన్నీ తీసేశాకే రిజిస్ట్రేషన్ అని, అప్పటిదాకా అడ్వాన్స్ పది శాతం దాటదని, తీయకపోతే అడ్వాన్స్ వెనక్కివ్వాలని ఒక గడువు తేదీ కూడా రాయించండి. 'రిజిస్ట్రేషన్ అయ్యాక మీరే నిదానంగా తీసుకోండి, ఓ రెండు లక్షలు తగ్గిస్తా' అంటే మాత్రం ముందు ఆ గదిలో అద్దెకున్నవాళ్లతో ఒకసారి మాట్లాడి చూడండి.