ఎంపీహెచ్ మేలా, ఎంఎస్‌డబ్ల్యూ మేలా? టీబీ మందు మానేసిన మేస్త్రీని అడ్డం పెట్టుకుని ఒక లెక్క

టీబీ మందు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. చాలామంది మానేసేది అక్కడే. అనంతపురం నుంచి బెంగళూరుకు కట్టడం పనికొచ్చిన మేస్త్రీ ఒకడు మూడో నెలలో మానేశాడనుకోండి. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదివినవాళ్లు ఇలా మానేసేవాళ్లు ఏ వార్డులో ఎక్కువ, ఎన్నో వారంలో మానేస్తున్నారు అని చూస్తారు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినవాళ్లు ఇతనే ఎందుకు మానేశాడు, సైటు మారాడా, జబ్బు సంగతి ఇంట్లో చెప్పాడా అని ఆరా తీస్తారు. రెండు కోర్సులూ రెండేళ్లే, రెండింటి చివరా దొరికేవి చాలావరకు కాంట్రాక్టు కొలువులే. కాబట్టి ఈ రెండు ప్రశ్నల్లో మీకు నిద్ర పట్టనివ్వనిది ఏదో ముందు తేల్చుకోండి.

రెండూ కావాలని చెప్పడానికి చెన్నై, బెంగళూరుల చరిత్రే చాలు. 1956లో మద్రాసులో మొదలైన టీబీ పరిశోధన కేంద్రం రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు శానటోరియంలో (క్షయ రోగులను ఉంచే ఆసుపత్రిలో), ఇంకో జట్టుకు ఇంట్లోనే మందులిచ్చి చూసింది. ఇంటి వైద్యం ఏమీ తీసిపోలేదని 1959లో లెక్కలతో తేల్చింది. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ వేరే దారిలో వెళ్లింది. అక్కడి పరిశోధకులు బెనర్జీ, ఆండర్సన్ పల్లెల్లో రోగులను కూర్చోబెట్టి మాట్లాడించారు. చాలామంది అప్పటికే ఆసుపత్రికి వెళ్లి దగ్గు మందు సీసాతో వెనక్కొచ్చారని 1963లో రాశారు. జనానికి తెలివి లేదన్న మాట అక్కడితో పోయింది. మొదటిది ఎంపీహెచ్ బుర్రతో చేసిన పని, రెండోది ఎంఎస్‌డబ్ల్యూ చెవితో చేసిన పని.

ఎంపీహెచ్‌లో ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఆరోగ్య వ్యవస్థల నిర్వహణ ప్రధానం. రోజులో ఎక్కువ భాగం ఎక్సెల్, ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్), కోబో (సర్వే యాప్) వంటి వాటి ముందే గడుస్తుంది. చెన్నై అయపాక్కంలోని ఎన్‌ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) లాంటి చోట్ల శిక్షణ గట్టిది, కానీ అర్హతలు ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటాయి. ఫీజు పట్టిక కన్నా ముందు అర్హతల పేజీ చదవండి. దెబ్బ తినేది ఎక్కువగా మామూలు బీఎస్సీ తర్వాత నేరుగా ఎంపీహెచ్‌లో చేరినవాళ్లు. పెద్ద ప్రాజెక్టుల ప్రకటనల్లో ‘ఎంబీబీఎస్ లేదా బీడీఎస్‌తో పాటు ఎంపీహెచ్’ అని ఉంటుంది, వీళ్ల దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. నర్సులకు, దంతవైద్యులకు, ఫిజియోలకు మాత్రం ఇది మంచి బేరం.

ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా చాలు. కోర్సంతా వారానికి రెండు రోజుల ఫీల్డ్‌వర్క్ ఉండటం ఆనవాయితీ. అసలు చదువు అదే, చెడిపోయేదీ అక్కడే. కొన్ని కాలేజీలు పిల్లలను ఏదో ఒక సంస్థకు పంపి చేతులు దులుపుకుంటాయి, అక్కడ వాళ్లు బ్యానర్లు కడుతూ ఏడాది గడిపేస్తారు. చేరేముందు సీనియర్లను మూడు సంగతులు అడగండి: ఫీల్డ్‌లో పర్యవేక్షించేది ఎంఎస్‌డబ్ల్యూ చదివినవారేనా, వారం వారం విడిగా కూర్చుని మాట్లాడతారా, రాసిచ్చిన రిపోర్టు దిద్ది వెనక్కిస్తారా. మానసిక ఆరోగ్యం వైపు మనసుంటే ఇంకో మెలిక ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. ఎంఫిల్‌లను ఎత్తేసిన యూజీసీ ఈ కోర్సుకు 2025-26 ప్రవేశాల దాకా మాత్రమే వెసులుబాటు ఇచ్చింది. తర్వాతి దారి ఏమిటో సంస్థనే అడిగి తెలుసుకోవాలి.

భాష సంగతి ఎవరూ చెప్పరు గానీ మనవాళ్లకు అదే పెద్ద పెట్టుబడి. కన్నడ లిపి మన లిపికి చెల్లెలు, కొద్ది వారాల్లో బోర్డులు, ఫారాలు చదివేయొచ్చు. బెంగళూరు సైట్లలో తెలుగు కూలీలకు కొదవ లేదు. చెన్నైలో తమిళం మొదటినుంచి దిద్దుకోవాలి. అక్కడి పారిశుధ్య కార్మికుల బస్తీల్లో ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, కానీ బడిలో చదివింది తమిళం. తెలుగులో కరపత్రం అచ్చేసి పంచితే ఎవరూ చదవరు, అదే సంగతి తెలుగులో నోటితో చెబితే వింటారు. మాట తెలుగులో, కాగితం తమిళంలో ఉండాలి.

చదువు కన్నా ముందు ఒక ఏడాది పని చేయడం మూడో దారి. టీబీ కార్యక్రమంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ పోస్టుకు డిగ్రీ, కంప్యూటర్ సర్టిఫికెట్, బండి లైసెన్సు అడుగుతారు. (లైసెన్సు లేక ఆగిపోయే దరఖాస్తులూ ఉంటాయి, ముందే తీసుకోండి.) టీబీ రోగికి ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చే పోషణ సొమ్ము 2024 నవంబరు నుంచి 1000 అయింది. అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా వాడక మూతపడినా, ఆధార్‌లో పేరు ఒకలా, పాసుబుక్కులో ఇంకోలా ఉన్నా ఆగిపోతుంది. ఈ కొలువులో ఆ చిక్కులు విప్పడంలోనే మీ మొగ్గు ఎటో తెలిసిపోతుంది.

ఆరోగ్య రంగం డిగ్రీ ఉన్నవాళ్లకు మా ఓటు ఎంపీహెచ్‌కే, అది కూడా సొంతంగా డేటా సేకరించి డిసర్టేషన్ రాయనిచ్చే చోట. బీఏ, బీకాం, మామూలు బీఎస్సీ వాళ్లు ఏడాది పని చేసి ఎంఎస్‌డబ్ల్యూలో చేరడం మేలు, ఊరు బెంగళూరైతే ఇంకా మేలు. అంకెల మీద ఆసక్తి ఉంటే ఆర్ పక్కన నేర్చుకోవచ్చు. గుమ్మంలో నిలబడి మేస్త్రీ భార్యతో మాట్లాడటం మాత్రం ఏ వీడియో చూసీ రాదు.