చలికాలంలో అద్దాలు చెమరిస్తే: కిటికీ తెరవడమా, ఫ్యానా, యంత్రమా?

ఒడిశా కొండల్లోని కోరాపుట్, సెమిలిగూడ, సునాబెడ వైపు పుష్యమాసంలో తెల్లారేసరికి కిటికీ అద్దాల మీంచి నీళ్లు కారుతుంటాయి. బయటి మంచు లోపలికి దిగిందనుకుని చాలామంది తలుపులు ఇంకా బిగిస్తారు. కానీ ఆ నీళ్లు ఇంట్లోవే. గదిలో ఇద్దరు పడుకుంటే ఊపిరి, చెమటల వల్ల రాత్రికి అర లీటరు దాకా నీరు గాలిలో కలుస్తుంది. వంటగ్యాస్ కిలో మండితే కిలోన్నర ఆవిరి. గదిలో 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే అద్దం 12 డిగ్రీలకు దిగగానే చెమరుస్తుంది. ఆ ఎత్తు ఊళ్లలో రాత్రుళ్లు పది లోపుకి పోవడం మామూలే.

ముందు చేయాల్సింది కిటికీ తెరవడమే, బయట పొగమంచు ఉన్నా సరే. 8 డిగ్రీల గాలి ఎంత తడిసినా ఘనపు మీటరుకు 8 గ్రాముల నీటినే మోస్తుంది. అదే గాలి లోపల 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ శాతం సగానికి తగ్గుతుంది. పొద్దున్నే అద్దం తుడిచి, ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు బార్లా తెరిచి మూసేయండి. రోజంతా ఓరగా ఉంచితే మాత్రం గోడలు చల్లబడి అవీ చెమరుస్తాయి. తుడిచిన గుడ్డ గదిలోనే ఆరేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

వంటింటికి, స్నానాలగదికి ఎగ్జాస్ట్ ఫ్యానే మేలు. ఆరంగుళాలది చాలు. స్నానం అయ్యాక తలుపు మూసి ఇరవై నిమిషాలు తిప్పాలి. తలుపు కింద వేలెడు సందు లేకపోతే ఫ్యాను తిరుగుతుందే కానీ గాలిని లాగదు. బాగా పనిచేయడం లేదని చెప్పే ఫ్యాన్లలో చాలావాటికి జబ్బు ఇదే.

తేమ లాగే యంత్రం ఆఖరి మాట. ఫ్రిజ్‌లా చల్లటి గొట్టాల మీద తేమను నీరుగా మార్చే కంప్రెసర్ రకం మీద రాసిన ‘రోజుకు పది లీటర్లు’ సాధారణంగా 30 డిగ్రీల, 80 శాతం తేమ లెక్క. గది 15 డిగ్రీలకు దిగితే లోపలి గొట్టాల మీద మంచు పేరుకుని, అది తీసేది బాగా తగ్గిపోతుంది. చలి గదికి కొనక తప్పదంటే తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం అడగండి. కరెంటు కాస్త ఎక్కువ తింటుంది.

తేమ పీల్చే క్యాల్షియం క్లోరైడ్ ఉప్పు డబ్బాలు బీరువాలోకే, గదికి అవి ఏ మూలకీ చాలవు. అడుగున చేరే ఉప్పునీరు ఒలికితే తోలు చెప్పులు పాడవుతాయి, ఇనుప అర తుప్పు పడుతుంది.

బొగ్గుల కుంపటి మాత్రం వద్దే వద్దు. కిటికీలు మూసి పెడితే విషవాయువు ప్రాణం తీస్తుంది.

అల్యూమినియం స్లైడింగ్ కిటికీలకు ఇంకో పని ఉంది. అద్దం మీంచి జారిన నీరు కింది పట్టాలోకి దిగి, బయటివైపు ఉండే సన్నటి చీలికల్లోంచి పోవాలి. వాటిలో దుమ్ము ముద్దకట్టి ఉంటే నీరు వెనక్కి తిరిగి గోడలోకి ఇంకుతుంది. కిటికీ కింద పుట్టీ బుడగలు లేచేది అందుకే. చీపురుపుల్లతో పొడిచి, గ్లాసెడు నీళ్లు పోసి చూడండి, బయటికి కారాలి.

బరంపురం లాంటి తీరపు ఊళ్లలో లెక్క వేరు. అక్కడ తుపాను ముసురులో బయటి గాలే వెచ్చగా, తడిగా ఉంటుంది. అప్పుడు కిటికీ తెరిస్తే చెమ్మ పెరుగుతుంది, కంప్రెసర్ యంత్రం పనికొచ్చేది అలాంటి రోజుల్లోనే.