ఆటిజం సర్టిఫికెట్‌కి ఏ సైకాలజిస్టు రిపోర్టు పనికొస్తుంది: పర్లాకిమిడి నుంచి ఒక తల్లి సమీక్ష

ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనూ పక్కనున్న రాయగడ, గుణుపురం వైపూ తెలుగు ఇళ్లలో ఆటిజం పిల్లలున్న తల్లులు నన్ను తరచూ అడిగేది ఒకటే. "అక్కా, రిపోర్టు ఎవరి దగ్గర రాయించుకోవాలి?" మావాడికి ఊహ తెలియకముందు మొదలైన తిరుగుడు ఇది, ఇప్పుడు వాడు హైస్కూలు వయసుకొచ్చాడు. ఇన్నేళ్లలో రకరకాల వాళ్ల చేత పరీక్ష చేయించాం. ఏది పనికొచ్చిందో ఏది రాలేదో ఇక్కడ రాస్తున్నాను.

ప్రైవేటులో ఎంత పేరున్న సైకాలజిస్టు రాసినా ఆ కాగితం వైకల్య సర్టిఫికెట్ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే. మా విషయంలో పిల్లల డాక్టరు, సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ముగ్గురూ ఉన్న మెడికల్ బోర్డు చూశాకే వైకల్య శాతం వేశారు. మరి ప్రైవేటు రిపోర్టు దేనికంటే, పిల్లవాడి చరిత్ర బోర్డుకి తెలియడానికి. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య మావాడు బల్ల కిందకి దూరిపోతాడు. ఆ కాసేపట్లో చూసి రాసేదానికి ఏడాదిగా చూస్తున్న మనిషి రాసింది తోడైతే చాలా తేడా వస్తుంది.

ఆ రాసే మనిషి ఎవరై ఉండాలన్నదే అసలు సంగతి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, 1992 చట్టం కింద దివ్యాంగులకి సేవ చేసే నిపుణుల రిజిస్టరు నడుపుతుంది. అందులో క్లినికల్ సైకాలజిస్టుగా గానీ రిహాబిలిటేషన్ సైకాలజిస్టుగా గానీ పేరున్నవారి దగ్గరికే వెళ్లండి. ఎమ్మే సైకాలజీ చదివినంత మాత్రాన ఆ రిజిస్టరులో చోటు దొరకదు. దాని తర్వాత ఆర్‌సీఐ గుర్తించిన చోట ఎంఫిల్ లాంటి శిక్షణ పూర్తిచేసి ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కీ గడువుంటుంది, మళ్లీ మళ్లీ పునరుద్ధరించుకోవాలి. కాబట్టి రిపోర్టు చివర సంతకం కింద నంబరు ఉందా, అది ఇంకా చెల్లుతుందా అని ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవడం మన పని. నంబరు అడిగితే మంచి సైకాలజిస్టు ఎవరూ నొచ్చుకోలేదు, నా అనుభవంలో. నొచ్చుకున్న చోట మేము రెండోసారి అడుగుపెట్టలేదు.

స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు కూడా ఆర్‌సీఐ రిజిస్టరులో ఉంటారు. మావాడు నోరు విప్పి "అమ్మా నీళ్లు" అన్నది ఒక స్పీచ్ థెరపిస్టు పుణ్యమే, ఆమెకి జీవితాంతం రుణపడి ఉంటాను. కానీ ఆటిజం ఉందని నిర్ధారించి రాయడం వాళ్ల పని కాదు. "అనుమానంగా ఉంది, పరీక్ష చేయించండి" అని వాళ్లు రాయగలరు. ఆ చీటీ పట్టుకుని పరుగెత్తాలి తప్ప దాన్నే నిర్ధారణ అనుకోకూడదు. ఒక ప్రైవేటు థెరపీ సెంటరు వాళ్లు రంగుల ఫైలులో పెట్టి, ఆటిజం అని పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. పరీక్ష చేసిన మనిషికి కౌన్సెలింగ్ డిప్లొమా తప్ప రిజిస్ట్రేషనే లేదు. మా దగ్గర రుసుము తీసుకున్నారు, ఏడాదిన్నర కాలమూ తీసుకున్నారు. డబ్బు మళ్లీ సంపాదించుకుంటాం. నాలుగేళ్ల బిడ్డకి ఆ ఏడాదిన్నర ఎవరు తెచ్చిస్తారు?

రెండో సంగతి, ఏ కొలబద్దతో కొలిచారన్నది. మన దేశంలో సర్టిఫికెట్‌కి శాతం లెక్కగట్టేది ఐసా (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అనే స్కేలుతో. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ దాన్ని తయారుచేసింది. అందులో 40 అంశాలుంటాయి. కళ్లలోకి చూడకపోవడం, విన్న మాటనే తిరిగి అనడం, నేను అనాల్సిన చోట నువ్వు అనడం, చప్పుళ్లకి విపరీతంగా ఉలిక్కిపడటం లాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం కాదు. 70 నుంచి 106 వరకు తక్కువ స్థాయి, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 వస్తే 40 శాతం కింద లెక్క. చట్టం ఇచ్చే ప్రయోజనాల్లో ముఖ్యమైనవాటికి గడప ఆ 40 శాతమే.

విదేశీ స్కేళ్లతో చేసిన రిపోర్టులూ మా దగ్గర ఉన్నాయి. వాటిలో "లెవెల్ 2" అని తీవ్రత స్థాయి ఉంటుంది, శాతం ఉండదు. థెరపీ ప్రణాళికకి అవి బాగా ఉపయోగపడ్డాయి. శాతం కోసం మాత్రం బోర్డు మళ్లీ ఐసా చేయించింది. అందుకే పరీక్షకి ముందే "ఐసా కూడా చేస్తారా?" అని అడగండి.

ఐసాలో సగం బలం తల్లిదండ్రులు చెప్పే మాట మీదే ఉంటుంది. ఇక్కడే మన సరిహద్దు తెలుగువాళ్లకి ఇబ్బంది. పరీక్ష చేసేవారు ఒడియాలోనో హిందీలోనో అడుగుతారు. మావాడు ఇంట్లో తెలుగే వింటాడు, బళ్లో ఒడియా వింటాడు. మాటకి బదులివ్వకపోవడం ఆటిజం వల్లనా, భాష అందకనా అన్నది తెలియాలి కదా. మమ్మల్ని బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి పంపినప్పుడు నేను తెలుగులో ఒక కాగితం రాసుకుని వెళ్లాను. రోజులో ఎన్నిసార్లు చేతులు ఆడిస్తాడు, పేరు పెట్టి పిలిస్తే ఎన్నోసారికి తిరుగుతాడు, కుక్కర్ విజిల్‌కి ఏం చేస్తాడు, అన్నీ. ఒడియా బాగా వచ్చిన మా ఆడపడుచు పక్కన కూర్చుని చదివి చెప్పింది. ఫోనులో తీసిన ఇంటి వీడియోలు కూడా చూపించాం, ఓపికగా చూశారు. అందరికీ ఇదే చెబుతాను: రాసుకుని వెళ్లండి. అక్కడ కంగారులో సగం మరిచిపోతాం.

సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో చుట్టాలున్నవాళ్లు అక్కడ సదరం క్యాంపులో, అంటే ఆంధ్రా ప్రభుత్వం వైకల్య పరీక్షలు చేసే చోట, చేయించుకోవచ్చా అని అడుగుతుంటారు. దరఖాస్తు మనం ఉంటున్న జిల్లాలో పెట్టాలి, లేదా బిడ్డ వైద్యం చేయించుకుంటున్న ప్రభుత్వ ఆసుపత్రిలో పెట్టొచ్చు. ఆధార్ ఒడిశాది ఉంటే ఒడిశాలోనే నయం. సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది గానీ మధుబాబు పింఛను లాంటివి రాష్ట్రం ఇచ్చేవి కదా. దరఖాస్తు యూడీఐడీ (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు కార్డు) పోర్టల్‌లో, స్వావలంబన్ సైట్‌లోనే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక మాకు బాగా అక్కరకొచ్చింది కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా. లక్ష రూపాయల వరకు, ముందస్తు వైద్య పరీక్ష లేకుండా ఇస్తారు. మావారి జీతంలో ఆదాయపు పన్ను మినహాయింపు దగ్గర ఒక మెలిక ఉంది. 80డీడీ సెక్షన్ కింద మేము 75 వేలు చూపించినప్పుడు ఆటిజానికి వేరే 10-ఐఏ ఫారం అడిగారు. దాని మీద సంతకం న్యూరాలజిస్టుదో ప్రభుత్వ సివిల్ సర్జన్‌దో ఉండాలి, సైకాలజిస్టుది సరిపోదు. ఎంత మంచి క్లినికల్ సైకాలజిస్టు అయినా సరే.

బోర్డు వేసిన శాతం తక్కువనిపిస్తే మౌనంగా ఉండిపోకండి. 90 రోజుల్లోపు అప్పీలు చేసుకునే హక్కు ఉంది. అప్పీలుకి వెళ్లేటప్పుడు రిజిస్ట్రేషన్ ఉన్న సైకాలజిస్టు రాసిన ఐసా రిపోర్టు, ఏ అంశానికి ఎన్ని మార్కులో విడివిడిగా కనిపించేలా, ఫైలులో ముందే పెట్టుకోండి. మొత్తం అంకె ఒక్కటే రాసిస్తే తీసుకోవద్దు, పూర్తి పట్టిక అడిగి తీసుకోండి.