లినక్స్ వాడేవాళ్లు వైర్‌లెస్ హెడ్‌సెట్ కొనేముందు: డబ్బా మీద పేరు చూసి మోసపోకండి

యూఎస్‌బి డాంగిల్‌తో (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రిసీవర్‌తో) వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్ ఆర్డర్ పెట్టబోతున్న లినక్స్ వాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మోడల్ పేరు అదే ఉన్నా లోపల సరుకు మారిపోయి వస్తోంది.

నేను కొన్నది హెడ్‌సెట్‌కంట్రోల్ జాబితాలో పేరున్న మోడలే. తెలియనివాళ్లకు చెప్తున్నా, హెడ్‌సెట్‌కంట్రోల్ అంటే ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ టూల్. బ్యాటరీ ఎంతుందో చూడటం, సైడ్‌టోన్ (మన గొంతు మనకే హెడ్‌సెట్‌లో వినపడటం) పెంచడం, లైట్లు ఆర్పడం, ఎంతసేపటికి దానంతటదే ఆఫ్ కావాలో చెప్పడం అన్నీ టెర్మినల్ నుంచే అయిపోతాయి. కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్ మనకి ఎలాగూ రాదు కాబట్టి, ఇదే దిక్కు.

డాంగిల్ పెట్టగానే సౌండ్ వచ్చింది, మైక్ కూడా పనిచేసింది. బ్యాటరీ అడిగితే మాత్రం అసలు హెడ్‌సెట్టే కనిపించట్లేదంది. పర్మిషన్ సమస్యేమో అని పరికరం వాడుకునే అనుమతినిచ్చే యూడెవ్ రూల్స్ పెట్టాను, సుడోతో (అడ్మిన్ హక్కులతో) కూడా నడిపాను. అదే జవాబు. చివరికి తగిలించిన యూఎస్‌బి పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బి కమాండ్ కొడితే అసలు విషయం బయటపడింది. అందులో కనిపించే ఐడీలో కోలన్‌కి ఎడమవైపు నాలుగు అక్షరాలు కంపెనీవి, కుడివైపు నాలుగు ఆ పరికరానివి. కుడివైపువి టూల్‌లో ఉన్నవాటితో కలవట్లేదు. లోపల మార్చేశారు, పేరు మాత్రం పాతదే ఉంచారు. అమ్మకం పేజీలో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు మీటింగ్ మధ్యలో చెప్పాపెట్టకుండా చార్జింగ్ అయిపోతుంది. సైడ్‌టోన్ లేక నా గొంతు నాకు వినపడదు, ఇంట్లోవాళ్లేమో ఎందుకా అరుపులు అంటారు. కంపెనీ సపోర్ట్‌ని అడిగితే విండోస్ వేసుకోమన్నారు! అమ్మినవాళ్లేమో సౌండ్ వస్తోంది కదా, ఇక లోపమేముంది, రీఫండ్ కుదరదు, కావాలంటే ఇంకోటి పంపుతాం అన్నారు. పంపారు. దాని ఐడీ కూడా అదే.

టూల్ కోడ్‌లో ఐడీ మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవచ్చుగా అంటారు కొందరు. లోపలి ప్రోటోకాల్ (హెడ్‌సెట్ కమాండ్లు అందుకునే పద్ధతి) పాతదే అయితే పనిచేస్తుంది, నా దానికి చేయలేదు. వెనక్కిచ్చే ఆలోచన ఉంటే ఆ జోలికి పోకండి. ఏ కమాండ్‌కి ఎలా స్పందిస్తుందో తెలియని పరికరంతో ప్రయోగాలు చేసి పాడుచేసుకుంటే ఇక మాట్లాడటానికేమీ ఉండదు.

ఈమధ్యే కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఎల్ఎస్‌యూఎస్‌బి లైన్ అడిగి తీసుకుని, టూల్ కోడ్‌లో ఉన్న ఐడీతో పోల్చండి. జాబితాలో పేరుంటే అన్నీ పనిచేస్తాయనీ కాదు. ఒక మోడల్‌కి బ్యాటరీ కనిపిస్తుంది, సైడ్‌టోన్ ఉండదు. ఇంకోదానికి లైట్లు తప్ప ఏమీ ఉండవు. ఆ జాబితాలో మీ మోడల్‌కి, మీకు కావాల్సిన దానికి ఎదురుగా టిక్ ఉందో లేదో చూసుకోండి.

డబ్బా తెరిచిన రోజే ఐడీ చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రిటర్న్ గడువు ఎప్పటినుంచి లెక్కేస్తారో కూడా ముందే అడగండి. నాకు మొదటిది డెలివరీ అయిన రోజు నుంచి లెక్కేశారు, రెండోది వచ్చేసరికి అది కాస్తా దాటిపోయింది.