డ్రాయింగ్ మాస్టారు కావాలంటే బీఎఫ్‌ఏనా, టీటీసీనా?

పిల్లలకు బొమ్మలు నేర్పాలని ఉన్నవాళ్లకు మన దగ్గర ముఖ్యంగా రెండు దారులు కనిపిస్తాయి: బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) డిగ్రీ, టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) కోర్సు.

టీటీసీ చిన్న దారి. డ్రాయింగ్‌లో ప్రభుత్వం పెట్టే లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల శిక్షణ తీసుకోవాలి. ఖర్చు తక్కువ, వేరే డిగ్రీ చదువుతూ కూడా పూర్తిచేయొచ్చు.

బీఎఫ్‌ఏకి నాలుగేళ్లు పడుతుంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ బీఎఫ్‌ఏ ఉంది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గంటల తరబడి గీయడం, మట్టి పిసకడం, అజంతా గుహల నుంచి నేటి దాకా కళాచరిత్ర చదవడం... చెయ్యి తిరిగేది, కన్ను తెరుచుకునేది ఇక్కడే. 42 రోజుల్లో అది రాదు, రమ్మన్నా రాదు. రంగులకీ, కాన్వాసులకీ మాత్రం నెలనెలా డబ్బు కావాలి.

అయితే ఆరో తరగతి పిల్ల "నాకు రాదు సార్" అని కాగితం నలిపేస్తే ఏం చేయాలో పెయింటింగ్ బీఎఫ్‌ఏ చెప్పదు. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో ఆర్ట్ ఎడ్యుకేషన్‌కే ప్రత్యేక విభాగం ఉంది. గీయడం, నేర్పడం రెండూ ఒకేచోట దొరికే ఇలాంటి చదువు మన రెండు రాష్ట్రాల్లోనూ విరివిగా రావాలని నా కోరిక.

ఇంట్లో వీలుంటే బీఎఫ్‌ఏలోనే చేరండి, టీటీసీ ఒక వేసవిలో చేసుకోవచ్చు. వీలుకాకపోతే టీటీసీ చేస్తూనే రోజూ సాయంత్రం సంతలోనో, బస్టాండులోనో కూర్చుని మనుషుల్ని గీయండి.