టాకోల్లోకి మీల్ మేకర్ కీమా: రెండున్నరేళ్లు వాడాక

ఈ సరుకు మీద నాకున్న కోపం ఒక్కటే, నీళ్లు. ఒకసారి పీల్చుకుందంటే ఓ పట్టాన వదలదు. దాన్ని లొంగదీసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. ప్రోటీన్ లెక్కలు ప్యాకెట్ మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడి కొట్లో సోయా బడి అని అడగాలి, పక్కనే ఆంధ్రాలోని పాతపట్నం వెళితే అదే మీల్ మేకర్. నేను వాడేది ఉండలు కాదు, కీమాలా సన్నగా ఉండే రకం. మా ఆడపడుచు కొడుకు సెలవులకొచ్చి టాకోలు (మొక్కజొన్న రొట్టె మడతలో కూర పెట్టుకుని తినే మెక్సికో వంట) నేర్పి వెళ్లినప్పట్నుంచి, నీచు వండని శనివారం రాత్రి మా పిల్లలకి అవే కావాలి.

రొట్టె గురించి ఎక్కువ చెప్పను. మెక్సికోలో మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, అప్పుడు రుబ్బుతారు. అందుకే వాళ్ల పిండి ముద్దగా అంటుకుని, రొట్టె మడతపడుతుంది. మనకి దొరికే పిండితో చేస్తే మడతలోనే విరుగుతుంది. నేను సగం గోధుమపిండి కలుపుతాను. కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్ల పొడి మాత్రం తేవద్దు, అది ఉత్త గంజిపొడి.

మొదలుపెట్టిన ఏడాది కార్తీకంలో జరిగింది చెప్పాలి. ఇక్కడి లెక్కలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, ఆ ఆఖరి ఐదు రోజుల్ని పంచుక అంటారు, ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని ఒడియావాళ్ల మాట. మా అత్తయ్యగారు ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. పౌర్ణమి ముందురోజు చుట్టాలొచ్చారు, పదిహేను మందిమి. ఉల్లిపాయ లేదు కదా, గుజ్జు రావాలని టమాటాలు రెట్టింపు వేశాను. మీల్ మేకర్ వేడినీళ్లలో నానబెట్టి, చేత్తో రెండుసార్లు పిండి, ఆ టమాటాలో కలిపేశాను. మూకుట్లో చూస్తే నిజం కీమాలాగే ఉంది. రొట్టెల్లో పెట్టిన పది నిమిషాలకి అడుగులు నానిపోయి ఊడిపడ్డాయి. పిల్లల మోచేతుల దాకా రసం కారింది. పైగా నమిలితే సోయా పచ్చివాసన. పెద్దవాళ్లు ఏమీ అనకుండా పళ్లెంలో కలుపుకుని తిన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి ఏడుపొచ్చింది.

తెల్లారి అత్తయ్యగారే అన్నారు, "అలాక్కాదమ్మా, గుమ్మడి వడియాలకి ముక్కలేం చేస్తాం? గుడ్డలో మూటకట్టి బరువెట్టు." బూడిద గుమ్మడి ముక్కలకి ఉప్పు రాసి, మూటకట్టి, పొత్రం ఎత్తి రాత్రంతా నీరు దించడం ఏటా చేసే పనే. అది దీనికీ పనికొస్తుందని నాకు తట్టనే లేదు. మిగిలిన ప్యాకెట్టుని ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి, వార్చి, చన్నీళ్లతో కడిగి, పల్చటి పంచెగుడ్డలో కట్టి గంటసేపు పొత్రం పెట్టాను. కింద గిన్నెలోకి మబ్బురంగు నీళ్లు దిగాయి. వాసన చాలావరకు ఆ నీళ్లతోనే పోయింది. నూనె తీసేసిన సోయాపిండిని వేడితో, ఒత్తిడితో స్పంజిలా ఉబ్బించి చేసేది కదా ఇది, చేత్తో పిండితే లోపలి నీరు ఎక్కడ దిగుతుంది?

తర్వాత ఇనుప మూకుట్లో నూనె లేకుండా, గరిటెకి గలగలమని తగిలేదాకా వేపాలి. అప్పుడు నూనె, జీలకర్ర, ఎండుమిర్చి, ధనియాల పొడి. టమాటా విడిగా దగ్గరికి ఉడికించి ఆఖర్న వేయాలి. నిమ్మరసం పళ్లెంలోనే పిండుకోవాలి. అలా చేస్తే అంచులు కరకరమంటూ లోపల నమలడానికి దొరుకుతుంది. నాకు అమితంగా నచ్చేది ఆ కరకరే. రొట్టె కూడా చివరి ముద్ద దాకా నిలబడుతుంది.

కీమాకీ దీనికీ తేడా లేదని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు అలా అనను. కొవ్వు లేని సరుకు, సొంత రుచి తక్కువ, మనం వేసిన మసాలా రుచే దానిది. వేడిగా ఉన్నంతసేపే బాగుంటుంది. చల్లారితే అట్టముక్క నమిలినట్టు ఉంటుంది.

కరెంటు పోయే ఊళ్లో డబ్బాలో పోసి నెలల తరబడి ఉంచుకోవచ్చు కాబట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి అమ్మే మొక్కల కీమా కంటే నాకు ఇదే నయం. మూటకట్టి గంట ఆగే తీరిక లేనివాళ్లకి చెప్పను. అత్తయ్యగారు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు, దానికి దగ్గర్లో సోయా వద్దని డాక్టరు చెప్పడంతో మా ఇంట్లో ఇది రాత్రి వంటే. పిల్లల బడి డబ్బాలోకి మాత్రం ఇప్పటికీ బంగాళాదుంప వేపుడే పెడుతున్నాను.