రాయలవారి కామెడీ సీరియల్ కోసం ఏడాది ప్యాక్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పది రోజులుగా ఒకటే గోల. కృష్ణదేవరాయల కొలువు మీద కొత్త కామెడీ సీరియల్ వచ్చిందట, కడుపుబ్బా నవ్వొచ్చట. నేనూ నమ్మి 1,499 రూపాయలు పోగొట్టుకున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి యాప్ పేరు రాయడం లేదు.

మా మామయ్యగారిది పెనుకొండ. సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. రాయలవారి మాటెత్తితే కాఫీ చల్లారిపోయినా పట్టించుకోరు. కంటి ఆపరేషన్ అయి మా ఇంట్లో ఉన్నారు, పాపం పొద్దుపోవడం లేదని ఆయన కోసమే తీసుకున్నా. 'మొదటి వారం ఒక్క రూపాయి' అని పెద్ద అక్షరాల్లో కనిపించింది. యూపీఐ పిన్ కొట్టేశాను. ఆ పిన్‌తో నేను ఒప్పుకున్నది రూపాయికి మాత్రమే కాదు, వారం తర్వాత ఏడాది ప్యాక్ డబ్బు లాక్కునే ఆటోపేకి కూడా. ఆ అంకె స్క్రీన్ మీదే ఉంది, నేనే చూడలేదు. డబ్బు కట్ చేసే ముందు 24 గంటలకు తక్కువ కాకుండా మెసేజ్ రావాలని రూలు. వచ్చింది కూడా. లోన్ ఇస్తాం అనే మెసేజుల గుంపులో పడి ఉంది, డబ్బు పోయాక వెతికితే దొరికింది.

తీరా టీవీలో పెడితే, ఈ ప్యాక్ మొబైల్‌కే అంది. కంటి ఆపరేషన్ అయిన మనిషికి అరచేతిలో సీరియల్! సరే, కాసేపే కదా అని ఫోన్‌లోనే పెట్టాను. రెండు ఎపిసోడ్లు తెలుగులో నడిచాయి. మూడోదానికి వచ్చేసరికి తిమ్మరుసు హిందీ అందుకున్నారు. ప్రోమో అంతా తెలుగులోనే ఉంది మరి. "అప్పాజీ ఏమంటున్నాడమ్మా?" అని మామయ్యగారు అడిగితే నేను పక్కన కూర్చుని అనువాదం చెప్పాలి. ఈలోగా ఎవరూ నవ్వని చోటల్లా వెనకనుంచి డబ్బా నవ్వులు.

కథ విషయానికొస్తే, ఒక సైనికుడు మన బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైంది అంటాడు. రాయలవారు పోయింది 1529లో, కెంపేగౌడ ఇక్కడ కోట కట్టించింది 1537లో. ఊరి పేరైతే తొమ్మిదో శతాబ్దపు బేగూరు శాసనంలోనే ఉందనుకోండి. ఇవన్నీ చెప్పింది మామయ్యగారే, అయినా ఆ జోకుకి పగలబడి నవ్వారు. ఆయన ఒప్పుకోనిది విస్తట్లో టమాటా పప్పు. టమాటా, మిరపకాయ అమెరికా ఖండాల పంటలు, పోర్చుగీసువాళ్ల రాకతో మనదాకా వచ్చాయి. రాయలవారి వంటశాలలో కారమంటే మిరియాలే. కావాలని చేసిన తప్పుకి నవ్వొచ్చుగానీ, తెలియక చేసినదానికి ఎలా నవ్వుతామమ్మా అన్నారు. నాకూ అదే నిజమనిపించింది.

ఇక రివ్యూల సంగతి. డబ్బు పోయాక మళ్లీ తీరిగ్గా చదివాను. ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లలో చాలామంది విడుదలైన రెండు రోజుల్లోనే రాశారు. పదీ పదిహేను మంది 'కడుపుబా' అని ఒకే అక్షరం మింగేశారు! వారం దాటాక ఒకటి రెండు స్టార్లు ఇచ్చినవాళ్ల గోడు చదివితే హిందీ సంగతి, టీవీ సంగతి అందులోనే ఉన్నాయి. కొనేముందు అవి చదివుంటే నాకు ఈ టెన్షన్ ఉండేది కాదు.

ఇప్పటికే రూపాయి కట్టినవాళ్లు వెంటనే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి రద్దు చేసుకోండి. సీరియల్ యాప్‌ని డిలీట్ చేస్తే సరిపోదు, ఆటోపే అలాగే బతికుంటుంది. నేను రద్దు బటన్ కోసం ఆ యాప్ అంతా గాలించాను, నాలుగు పేజీల లోపల దాచారు. 2023 నవంబర్‌లో కేంద్రం 'డార్క్ ప్యాటర్న్స్' అని 13 రకాల మోసపు పద్ధతుల్ని నిషేధించింది. చేరడం తేలిక, బయటపడటం కష్టం అనే ఈ చందా ఉచ్చు వాటిలో ఒకటి. అందుకే కస్టమర్ కేర్ చాట్‌లో 'రిఫండ్ కుదరదు' అన్న జవాబు స్క్రీన్‌షాట్ తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, డబ్బు ఇంకా రాలేదు.

తెలుగులో ఉన్న ఆ రెండు ఎపిసోడ్లు మాత్రం బాగున్నాయి, అబద్ధం చెప్పను. కొలువులో నిలబడే నిద్రపోయే పురోహితుణ్ణి చూడటానికి మామయ్యగారు నిన్న కూడా నా ఫోన్ అడిగి తీసుకున్నారు.